అచ్చొచ్చింది, అచ్చిరాలేదు: మీ ఇళ్లలో ఈ మాట దేనికి వాడతారు?

పోయిన ఆదివారం మల్కాజిగిరిలో ఒక ఫ్లాట్ చూడ్డానికి వెళ్లాం. ఓనరుగారు తాళం తీస్తూనే, ఇంకా నీళ్ల సంగతి కూడా ఎత్తకుండా, "ఈ ఇల్లు పాతవాళ్లకి బాగా అచ్చొచ్చిందండీ. చేరిన ఏడాదికే అబ్బాయికి అమెరికా వీసా వచ్చింది" అన్నారు. మా పాప ఆరో తరగతి. తలెత్తి, "అచ్చొచ్చింది అంటే ప్రింటవుట్ వచ్చిందనా నాన్నా?" అంది. అందరం నవ్వేశాం. మెట్లు దిగుతూ దానికి అర్థం చెప్పబోతే మాత్రం నాకు సరైన మాట దొరకలేదు. "అదృష్టం పట్టడం" అన్నాను. "మరి అదృష్టం అనొచ్చుగా" అంది.

అనొచ్చా? నాకైతే కుదరదనిపిస్తోంది. "ఆయనకి అదృష్టం ఉంది" అంటే అది ఆయన దగ్గరే ఉంది, ఎక్కడికి పోయినా వెంట వస్తుంది. "ఆయనకి ఆ షాపు అచ్చొచ్చింది" అంటే ఆయనకీ ఆ షాపుకీ మధ్య ఏదో కుదిరింది. అదే షాపు బావమరిదికి అచ్చిరాకపోవచ్చు. ఇల్లు, బండి, చీర, పెన్ను, శనివారం, ఫోన్ నంబరులో చివరి అంకె, దేనికైనా ఈ మాట అతుకుతుంది. పుస్తకాల్లో అచ్చివచ్చు, నోట్లో అచ్చొచ్చు. మా ఇంట్లో మాత్రం ఎక్కువగా వినబడింది అచ్చిరాలేదు అన్నదే.

నా చిన్నప్పుడు నాన్న చిక్కడపల్లిలో టిఫిన్ సెంటర్ పెట్టారు. ఏడాదిన్నరలో మూసేశారు. ఎందుకు మూసేశారో ఇప్పుడు నాకు బాగానే తెలుసు. నీలం అట్ట ఖాతా పుస్తకం ఒకటి ఉండేది, అందులో కాలేజీ కుర్రాళ్ల పేర్లు, వాటి ఎదురుగా ఇడ్లీలు, కాఫీలు, కొట్టివేత గీత ఒక్కటీ లేకుండా. నాన్నకి డబ్బు అడగడం చేతకాదు. కానీ ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. "ఆ చోటికి వీధిపోటు, మనకి అచ్చిరాలేదు" అన్నారు. అమ్మ అంది, తాతయ్య అన్నారు, చివరికి నాన్నా అదే అన్నారు. ఆర్నెల్ల తర్వాత సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర జిరాక్స్ షాపు పెట్టారు. అది అచ్చొచ్చింది. (పాప అన్నది నిజమే, తాతకి అచ్చొచ్చింది ప్రింటే!) అశోక్‌నగర్‌లో సందుకో కోచింగ్ సెంటర్ ఉన్నచోట జిరాక్స్ నడవడానికి వాస్తు అక్కర్లేదు, అది వేరే విషయం.

ఈ మాటలో కొంచెం దయ ఉందని నా వాదన. తప్పును మనిషి మీద నుంచి తీసి గోడ మీద పెడుతుంది. ఆ గోడ ఏమీ అనుకోదు. మీరేమంటారు?

కరీంనగర్ నుంచి ఒకరు:
మా దిక్కు అచ్చుడంటేనే వచ్చుడు. "బస్సు అచ్చిందా?", "మామ అచ్చిండు." కాబట్టి చిన్నప్పటి నుంచి నాకు "అచ్చిరాలె" అంటే "వచ్చి కూడా రాలేదు" అన్నట్టే వినబడుతుంది. వ్యుత్పత్తి అదే అనడం లేదు, పండితులు కొట్టకండి. మా అమ్మమ్మ మిర్చి పంట గురించి ఒక మాట అనేది: "ధర అచ్చినట్టే అచ్చి అచ్చిరాలె." ఏ నిఘంటువులోనైనా ఇంతకంటే మంచి ఉదాహరణ వాక్యం ఉంటుందా?

రిటైరైన సంస్కృతం మాస్టారు:
పాప అడిగిన రెండో ప్రశ్న అసలైనది. అదృష్టం అంటే కనబడనిది, అంతే. అందులో మంచీ లేదు, చెడూ లేదు. వైశేషిక సూత్రాల్లో కణాదుడు అయస్కాంతం వైపు సూది కదలడానికి కారణం అదృష్టం అన్నాడు. సూదికి లాటరీ తగిలిందని కాదు, లాగుతున్నదేదో కంటికి కనబడడం లేదని. పూర్వకర్మ తాలూకు ఫలం కూడా కనబడదు కాబట్టి దానికీ అదే పేరు. తెలుగులోకి వచ్చాక ఆ కనబడనిది మంచివైపు ఒరిగిపోయింది. "అదృష్టవంతుడు" అంటే ఇప్పుడు పొగడ్త. చెడు కోసం "దురదృష్టం" అని ఇంకో మాట వాడుకుంటున్నాం.

ఇంకో తమాషా. దిష్టి కూడా ఆ ధాతువులోంచి పుట్టిందే, దృష్టి అరిగి దిష్టి అయింది. కనబడకుండా వస్తే అదృష్టం, నలుగురూ చూస్తే దిష్టి!

నేను:
మాస్టారూ, దిష్టితో నాకూ ఒక లెక్క ఉంది. రెండేళ్ల కిందట అమావాస్య మర్నాడు పొద్దున్నే బండి మీద పోతున్నా. ఏదో షాపు ముందు రాత్రి పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ. పసుపూ కుంకుమా కలిసి ఎర్రగా, గుజ్జు గుజ్జుగా ఉంది. ముందు చక్రం సర్రున జారింది. మోచెయ్యి చీరుకుపోయింది, హెడ్‌లైట్ పోయింది. షాపువాళ్ల దిష్టి మాత్రం శుభ్రంగా పోయి ఉంటుంది. ఇంటికెళ్తే అమ్మ గాయం కడుగుతూ, "నీకే ఎవరిదో దిష్టి తగిలిందిరా" అని ఉప్పు తీయబోయింది.

యాకుత్‌పురా నుంచి ఒకరు:
మా ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. దిష్టిని మేం నజర్ అంటాం, అదీ చూపే. మాస్టారి లెక్క ఇక్కడా సరిపోయింది. కానీ అదృష్టం దగ్గర దారి వేరవుతుంది. నసీబ్ అంటే అరబ్బీలో వాటా. కిస్మత్ అన్నా పంచగా వచ్చిన వంతే. మా బడిలో లెక్కల పీరియడ్‌లో భాగహారాన్ని తక్సీమ్ అనేవారు, అదీ కిస్మత్ ఇంటి మాటే. పదేళ్ల వయసులో ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే భాగహారం మీద నాకు కొంచెం గౌరవం ఉండేది.

నేను:
భాగహారం! ఇది నాకు ఇప్పటిదాకా తట్టలేదు. మన భాగ్యం కూడా భాగంలోంచే వచ్చింది. భాగ్యం, భాగహారం ఒకవైపు. కిస్మత్, తక్సీమ్ ఇంకోవైపు. రెండు భాషలూ ఎవరికి వారుగా లెక్కల పుస్తకం లోంచే తలరాత తీశాయి. ఉన్నదాన్ని పంచారు, నా వంతు ఇంతొచ్చింది. భాగ్యనగరంలో ఉంటూ మనం వాటాల నగరంలో ఉన్నామన్నమాట. ఇది రియల్ ఎస్టేట్ వాళ్లకి తెలియక కాదు.

దీనివల్ల అచ్చిరాలేదు ఇంకా స్పష్టంగా కనబడుతోంది నాకు. వాటా ఎవరో ఇవ్వాలి. రాత ఎవరో రాయాలి. అచ్చొచ్చేదానికి మాత్రం ఇచ్చేవాడూ రాసేవాడూ లేడు. చోటుంది, నేనున్నాను, మధ్యలో కుదిరిందా లేదా, అంతే.

సైకాలజీ చెప్పే ఒక లెక్చరర్:
మీకు పనికొచ్చే ప్రయోగం ఒకటుంది. 2010లో జర్మనీ పరిశోధకులు ఒకటి అచ్చువేశారు (ఇది ప్రింటు అచ్చే). విద్యార్థులతో గోల్ఫ్ బంతి గుంతలోకి కొట్టించారు. కొందరికి బంతి ఇస్తూ, ఇది అచ్చొచ్చిన బంతి అన్న అర్థంలో ఒక మాట చెప్పారు. మిగతావాళ్లకి అందరూ వాడిన బంతే అన్నారు. పది దెబ్బల్లో మొదటివాళ్లు సగటున ఆరుకు పైగా వేశారు, రెండోవాళ్లు ఐదు కూడా దాటలేదు. నమ్మకం వల్ల ధైర్యం, ధైర్యం వల్ల గురి అన్నారు. పేపర్లన్నీ రాశాయి. 2014లో అమెరికాలో ఇంకా ఎక్కువమందితో అదే చేసి చూస్తే తేడా కనబడలేదు. ఆ సంగతి పేపర్లు అంతగా పట్టించుకోలేదు. అచ్చొచ్చినవి మాత్రమే గుర్తుపెట్టుకోవడం మనుషులకే కాదు, పేపర్లకీ అలవాటే.

ఇంకా పాతది, 1948 నాటిది, స్కిన్నర్ పావురాలు. అవి ఏం చేసినా చెయ్యకపోయినా గడియారం ప్రకారం గింజలు పడే ఏర్పాటు. ఎనిమిదింట్లో ఆరు పావురాలు ఒక్కోటీ ఒక్కో అలవాటు పట్టాయి. గింజ పడినప్పుడు ఏం చేస్తూ ఉన్నాయో దానివల్లే పడిందనుకున్నట్టు, ఒకటి పెట్టెలో గుండ్రంగా తిరగడం, ఒకటి తల పైమూలకి పొడవడం. మక్కా మసీదు దగ్గర పావురాలకి గింజలు వేసినప్పుడల్లా నాకు అవే గుర్తొస్తాయి.

నేను:
మా షాపులోనూ ఒక పావురం ఉండేది. గ్రూప్స్‌కి చదివే అబ్బాయి. మాకు రెండు మెషీన్లు ఉండేవి. రెండోదానికి డ్రమ్ము అరిగిపోయి ప్రతి పేజీ అంచునా నల్ల చార పడేది. ఆ అబ్బాయి ఒకసారి దాని మీద హాల్ టికెట్ జిరాక్స్ తీయించుకుని ప్రిలిమ్స్ పాసయ్యాడు. ఇక అంతే. నోట్స్, సర్టిఫికెట్లు, ఏది తెచ్చినా "అంకుల్, చార మెషీన్ మీదే" అనేవాడు. నాన్న కొత్త డ్రమ్ము వేయించే ముందు అతన్ని అడిగారు కూడా! మెయిన్స్‌లో పోయింది. మర్నాడు వచ్చి ఏమీ అనకుండా మొదటి మెషీన్ ముందు నిలబడ్డాడు. నాన్నా ఏమీ అనలేదు.

గుంటూరు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో ఉంటున్న ఒకరు:
పేరు మార్చి చెడును పక్కకి తప్పించే అలవాటు మీద విడిగా ఒక చర్చ పెట్టండి. దీపం ఆరిందనం, కొండెక్కింది అంటాం. రాత్రిపూట పామును పురుగు అంటాం. బియ్యం అయిపోతే నిండుకున్నాయి. మా కోడలు ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. మా ఆవిడ ఫోన్లో "బియ్యం నిండుకున్నాయమ్మా" అంటే "మంచిది అత్తయ్యా" అని పెట్టేసింది. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ ఉప్మా తిన్నాం.

నల్లగొండ నుంచి, ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్న ఒకరు:
అన్నా, మీ నాన్నగారి కథ చదివి రెండు రోజులు ఏమీ రాయలేదు. ఈ మాటలో దయ ఉందన్నారు. గోడ మీద పెడితే ఉందేమో.

నా పెళ్లయిన నెలకి మా మామయ్య బట్టల దుకాణం మూతపడింది. అప్పులు అంతకు మూడేళ్ల ముందువి. నేను వెళ్లేసరికే ఇంటికి మనుషులు వచ్చి కూర్చునేవారు. కానీ మా అత్తమ్మ చుట్టాలతో అన్నది "పిల్ల అచ్చిరాలె." నా ముందు కాదు, వంటింట్లో. తలుపు వేసి లేదు.

తర్వాత ఉప్పల్‌లో ఫ్లాటు కొన్నాం. సగం లోన్ నా జీతం మీదే. గృహప్రవేశం రోజు సిలిండర్ నేను మాట్లాడాను, గిన్నె నేను కడిగాను, అగ్గిపెట్టె నా చేతిలోనే ఉంది. అత్తమ్మ "ఇటియ్యి బిడ్డా" అని అగ్గిపెట్టె తీసుకుని మా తోడికోడలికి ఇచ్చింది. పాలు తను పొంగించింది. అందరూ చప్పట్లు కొట్టారు. పొంగి స్టవ్ ఆరిపోతే తుడిచింది నేను. మా తోడికోడలు మంచిదే, దాని తప్పేం లేదు. అత్తమ్మ కూడా నన్ను ఒక్క మాట అన్న మనిషి కాదు. "ఇటియ్యి బిడ్డా" అనే మాట ఎంత మెత్తగా ఉందో చూడండి.

మాస్టారు:
అమ్మా, "శుభం పలకరా మంకెన్నా అంటే పెళ్లికూతురు ముండ ఏదీ అన్నాడట" అనే సామెత నేను నలభై ఏళ్లు క్లాసులో నవ్వుతూ చెప్పాను. ముండ అంటే తల గొరిగించిన వితంతువు. జోకంతా ఆ మాట అశుభం అన్న దాని మీదే నిలబడి ఉంది. క్లాసులో ఎవరి అమ్మ వితంతువో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

నేను:
ఉప్పల్ చెల్లెమ్మా, నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను. పూర్తిగా కాదు, సగం. మా నాన్నని కాపాడిన మాటే మిమ్మల్ని ఏళ్ల తరబడి గుచ్చింది. వాక్యం ఒకటే, "మాకు అచ్చిరాలేదు." ముందు "ఆ చోటు" అని పెడితే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. "ఆ పిల్ల" అని పెడితే ఒకరికి ఊపిరాడదు. మిగతావాళ్లు ఎప్పట్లానే పీల్చుకుంటారు. కర్త స్థానంలో మనిషిని పెడుతున్నామని వ్యాకరణం హెచ్చరించదు కదా.

ఆ మల్కాజిగిరి ఫ్లాటే తీసుకున్నాం. అద్దె ఇల్లే అయినా అమ్మ పాలు పొంగించాల్సిందే అంది. వచ్చే ఆదివారం ముహూర్తం. నిన్న మీ పోస్టు చదివాక అమ్మకి ఫోన్ చేసి, "నువ్వే పొంగించమ్మా" అన్నాను. నాన్న పోయి ఐదేళ్లయింది. అప్పటి నుంచి ఏ శుభకార్యంలోనూ అమ్మ ముందు వరసలో నిలబడడం నేను చూడలేదు. ఇన్నాళ్లూ నాకది కనబడనూ లేదు.

"నేనెందుకురా, కోడలుంది కదా" అంది. తనే నిన్ను అడగమంది అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "కొత్తింట్లో గ్యాస్ స్టవ్ లైటర్‌తో వెలుగుతుందా, అగ్గిపెట్టె కావాలా?" అంది.

అది ఒప్పుకున్నట్టో కాదో తెలియడం లేదు. అగ్గిపెట్టె మాత్రం కొన్నాను.