చిమ్మిలా, చిమ్మిరా?

గోదారిగట్టు: నాగులచవితి నాడు పుట్టలో పాలు పోస్తూ మా నాయనమ్మ అనే మాటల్లో "నడుము తొక్కినగాని నావాడనుకో", "నూకనిచ్చెదను మూకనియ్యి" వరకూ గుర్తున్నాయి. ఆ తర్వాత నువ్వుల ఉండ పెడుతూ ఇంకో మాట అనేది. అందులో "చిమ్మిరి" అని వినపడేది. ఆ మాట ఎవరికైనా తెలుసా? వారం నుంచి బుర్రలో అదే తిరుగుతోంది.

అచ్చుతప్పు: ముందు ఆ ఉండ పేరు చిమ్మిరి కాదండీ, చిమ్మిలి. నిఘంటువుకెక్కిన రూపం 'లి'యే.

రాతిరోలు: మా ఇంట్లో మూడు తరాలుగా చిమ్మిరే. రోట్లో నువ్వులూ బెల్లమూ దంచుతుంటే నూనె చిమ్ముతుంది, అందుకే ఆ పేరు. పది పోట్లు పడేసరికి పొడి కాస్తా జిగురుగా రోకలిని పట్టుకుంటుంది. ఉండ కట్టాక అరచేతి గీతల్లో నూనె మెరుస్తుంది. చుక్క నెయ్యి అక్కర్లేదు. చేసి చూసినవాళ్ళెవరూ 'చిమ్ము'ని కాదనలేరు.

అచ్చుతప్పు: చిమ్మడమంటే ఎగజిమ్మడం. నువ్వుల్లో నూనె ఊరుతుందే కానీ చిమ్మదు. నన్నడిగితే 'చిముడు' దగ్గర వెతకాలి. అన్నం చిమిడిందంటాం కదా, మెత్తగా చితికిపోవడం. దంచితే నువ్వులకి జరిగేదీ అదే. బీహారులో గయవాళ్ళు చేసే నువ్వుల మిఠాయి తిల్‌కుట్‌లో 'కుట్' అంటే దంచడమే. నువ్వులు నూరిన ముద్ద తహీనీ కూడా అరబ్బీలో పిండి పట్టే క్రియ నుంచి వచ్చిందే. టర్కీవాళ్ళూ అరబ్బులూ ఆ తహీనీతోనే హల్వా చేస్తారు. 'హల్వా' మాటకేమో తీపి అనే అర్థం, అందులో నువ్వుల ఊసే లేదు.

పెన్నొడ్డు: మీ ఇద్దరి ధాతువులకీ ఒకటే అడ్డం. కన్నడిగులు నాగరపంచమికి ఇదే ఉండ చేసి 'చిగళి' అంటారు. అందులో మకారం ఎక్కడుంది? అరవంలో 'సిమిలి' ఉంది, అక్కడ రాగిపిండి కూడా కలుస్తుంది. మూడూ అక్కచెల్లెళ్ళయితే తెలుగు 'చిమ్ము', 'చిముడు' ఒక్కటే పట్టుకుని ఎలా తేలుస్తారు? 'లి' మాత్రం పాతదే. కన్నడ ళకారం మన దగ్గర ల అవుతుంది: ముళ్ళు ముల్లయింది, తాగే కళ్ళు కల్లయింది. చిగళిలో ఉన్నదీ ఆ ళకారమే. 'రి' తర్వాత నోట్లో తిరిగిన రూపం.

రాతిరోలు: నోట్లో తిరిగింది తప్పెలా అవుతుంది మేష్టారూ? నువ్వు, నెయ్యి కలిసి 'నూనె' అయిందీ నోట్లోనే. అరవంలో ఎళ్, నెయ్ కలిసి ఎణ్ణెయ్ అయిందీ అంతే. సంస్కృతంలో తిల నుంచి తైలం వచ్చింది. మూడు భాషలూ నూనెకి నువ్వుల పేరే పెట్టుకున్నాయి. ఇవాళ వేరుశనగ నూనె అంటున్నా లోపల నువ్వు ఉంది. నాకు ఒళ్ళు పులకరించే మాట అది.

కావ్యపిచ్చి: నువ్వు కావ్యాల్లోనూ తక్కువది కాదు. నాయిక ముక్కుకి పాత పోలిక తిలపుష్పమే. నువ్వుచేలో వంగి ఆ పువ్వుని పక్కనుంచి చూడండి, ఎందుకో తెలుస్తుంది. దాన్ని పక్కకి నెట్టి సంపెంగని తెచ్చిన పద్యానికేగా తిమ్మనని ముక్కు తిమ్మన అన్నారు! తుమ్మెద దగ్గరికి రాలేదని గంధఫలి, అదే సంపెంగ, తపస్సు చేసి ముక్కయి పుట్టడం, ఆహా.

పెన్నొడ్డు: ఆ పద్యం భట్టుమూర్తి వసుచరిత్రలో ఉందండీ. తిమ్మనదంటారు గానీ అది లోకంలో చెప్పుకునే కథ.

కావ్యపిచ్చి: తిమ్మన దగ్గర భట్టుమూర్తి దాన్ని కొనుక్కున్నాడన్న కథ నాకూ తెలుసు. అయినా ఆ బిరుదు ఊరికే రాదు. నా ఓటు తిమ్మనకే.

అచ్చుతప్పు: మరాఠీవాళ్ళు సంక్రాంతికి తిళగుళ్ (నువ్వులూ బెల్లం) చేతిలో పెట్టి తియ్యగా మాట్లాడమంటారు. కన్నడిగులూ ఎళ్ళుబెల్లం తిని మంచి మాటాడమంటారు. మన దగ్గర నోటికీ నువ్వుకీ కలిపి ఉన్న మాట "నోట్లో నువ్వుగింజ నానదు" ఒక్కటేనా? 

గోదారిగట్టు: ఇందాకే మా మేనత్తకి ఫోన్ చేశాను. ఆవిడ 'చిమ్మిలి' అనే అంది. ఆ మాట "చిమ్మిలిచ్చెదను" అని మొదలవుతుందట. ఆ పక్కది ఆవిడకీ అందడం లేదు. ఎవరింట్లోనైనా పెద్దవాళ్ళు అంటుంటే కాస్త విని రాయరూ.