మూడు పరీక్షలూ పాసైన మెయిల్‌ని స్పామ్ అనడం న్యాయమేనా?

లేఖరి:
ఆరేళ్లుగా వారం వారం ఖగోళశాస్త్రం మీద ఒక వ్యాసం రాసి చందాదారులకు మెయిల్ చేస్తున్నాను. డబ్బు తీసుకోను, ప్రకటనలు వేయను. లిస్టులో 9,000 మంది ఉన్నారు. అందులో జీమెయిల్ వాళ్లే 6,000 దాకా ఉంటారు. పోయిన నెల సొంత సర్వర్‌కి మారాను. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని పంపినవారెవరో తేల్చే ఏర్పాట్లు మూడూ పెట్టుకున్నాను, పరీక్షిస్తే మూడూ పాస్. అయినా జీమెయిల్‌కి వెళ్లాల్సినవి ముందు 421 అంటూ ఆగాయి, తర్వాత 550 5.7.1 అంటూ తిరిగొచ్చాయి. సొంతంగా పంపుకునే చిన్నవాళ్లకు పెద్ద కంపెనీలు తలుపులు మూసేస్తున్నాయని నా అభిప్రాయం. కాదంటారా?

రాత్రిడ్యూటీ:
కాదనే అంటాను. పన్నెండేళ్లుగా మెయిల్ సర్వర్లు చూసుకోవడమే నా పని. ఆ మూడూ పాసైతే మీరు మీరేనని తేలింది, అంతే. ఈ సర్వర్‌కి మీ డొమైన్ (మెయిల్ ఐడీలో @ తర్వాత వచ్చే పేరు) పేరుతో పంపే హక్కుందని ఎస్‌పీఎఫ్ చెబుతుంది. ఉత్తరం దారిలో మారలేదని డీకిమ్ సంతకం చెబుతుంది. పాసైన డొమైన్, పంపినవారి పేరు దగ్గర కనిపించే డొమైన్ ఒకటేనా, కాకపోతే ఏం చేయాలి అన్నది డీమార్క్ చూసుకుంటుంది. స్పామ్ పంపేవాడు కూడా ఓ డొమైన్ కొనుక్కుని ఈ మూడూ పెట్టుకోగలడు. మీ ఉత్తరం అవతలివాళ్లకు కావాలా వద్దా అన్న సంగతి వీటిలో ఎక్కడా ఉండదు.

కొత్త ఐపీ (ఇంటర్నెట్‌లో సర్వర్ చిరునామా అంకె) నుంచి మొదటి రోజే 9,000 వదిలారా? వైరస్ పట్టిన మెషీన్ కూడా సరిగ్గా ఇలాగే చేస్తుంది, అందుకే అనుమానిస్తారు. 4తో మొదలయ్యే కోడ్ వస్తే తాత్కాలికం, కాసేపాగి మళ్లీ రమ్మని. 5తో వస్తే ఆ ఉత్తరం ఇక తీసుకోరు. 421లు వస్తున్నప్పుడే మీరు వేగం తగ్గించాల్సింది. ఐపీకి రివర్స్ డీఎన్ఎస్ (ఆ అంకె ఏ సర్వర్ పేరుదో చెప్పే నమోదు) ఉందా అన్నది కూడా ఒకసారి చూడండి.

పాఠకురాలు:
నాకు సర్వర్ల గురించి తెలీదు. కానీ ఆ స్పామ్ బటన్ నొక్కే మనుషుల్లో నేనొకదాన్ని, కాబట్టి నా వైపు నుంచి చెబుతాను. ఎప్పుడో ఇష్టపడి చందాదారుగా చేరిన మెయిల్సే కొన్ని ఇప్పుడు నాకు అక్కర్లేదు. ఆపుదామని చూస్తే లింకు అట్టడుగున, లేత బూడిద రంగులో ఉంటుంది. దాన్ని నొక్కితే లాగిన్ అవ్వమంటుంది. పాస్‌వర్డ్ గుర్తుండదు. పైన స్పామ్ బటన్ మాత్రం ఒక్క నొక్కు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, నాకు వేరే దారి కనిపించక నొక్కాను. మీ మెయిల్‌లో ఎలా ఉంది లేఖరి గారూ?

లేఖరి:
అడుగున లింకు ఉంది. నొక్కాక మెయిల్ ఐడీ మళ్లీ టైపు చేయాలి. సరే, అది మార్చుకుంటాను. కానీ స్పామ్ ఫిర్యాదుల మీద జీమెయిల్ పెట్టిన 0.3 శాతం నిబంధన సంగతేంటి? వెయ్యిలో ముగ్గురు స్పామ్ అంటే చాలట. చందాదారుగా చేరిన సంగతి మర్చిపోయినవాళ్లుంటారు, చెయ్యి తగిలి నొక్కినవాళ్లుంటారు. వాళ్ల వల్ల మిగతా 997 మందికి నా ఉత్తరం ఆగిపోవాలా?

రాత్రిడ్యూటీ:
ఆ నిబంధనలు చెప్పాపెట్టకుండా వచ్చినవి కావండి. గూగుల్, యాహూ 2023 అక్టోబరులోనే ప్రకటించి 2024 ఫిబ్రవరి నుంచి అమలు మొదలుపెట్టాయి. 2025 మే నుంచి మైక్రోసాఫ్ట్ కూడా ఔట్‌లుక్‌లో ఇలాంటివే తెచ్చింది. జీమెయిల్ ఖాతాలకు రోజుకు దాదాపు 5,000 లేదా అంతకు మించి పంపారంటే మీరు బల్క్ సెండర్ (పెద్దమొత్తంలో పంపేవారు) లెక్కలోకి వస్తారు. ఆ ముద్ర ఒకసారి పడితే ఇక పోదు. ఫిర్యాదులు 0.1 శాతం లోపే ఉంచుకోమంటారు, 0.3ని ఎప్పుడూ తాకకూడదంటారు.

చాలామంది గమనించని విషయం ఇంకొకటి ఉంది. ఈ శాతాన్ని ఇన్‌బాక్స్‌లో పడ్డ మెయిల్స్ మీదే లెక్కేస్తారు. మీవి చాలావరకు నేరుగా స్పామ్‌లోకే పోతుంటే ఫిర్యాదు చేసేవాళ్లే ఉండరు, అంకె చక్కగా తగ్గి కనిపిస్తుంది. దాన్ని చూసి ధైర్యంగా ఉండి దెబ్బతిన్నవాళ్లను చూశాను.

చందా రద్దుకి అడుగున లింకు ఒక్కటే చాలదు. హెడర్లలో (ఉత్తరంతో పాటు వెళ్లే, చదివేవాళ్లకు మామూలుగా కనిపించని వివరాల్లో) లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్, లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్-పోస్ట్ అని రెండు లైన్లుండాలి. డీకిమ్ సంతకం ఆ రెండింటినీ కలుపుకోవాలి. అప్పుడు మెయిల్ యాప్‌ తనే పైన రద్దు బటన్ చూపించగలదు, పాఠకురాలు గారు స్పామ్ నొక్కే అవసరం రాదు. రద్దు కోరినవాళ్లను రెండు రోజుల్లోపు తీసేయాలి.

పాతకాపు:
రాత్రిడ్యూటీ గారు చెప్పిన జాగ్రత్తలన్నీ నిజమే, కానీ లేఖరి గారి బాధను అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. మెయిల్ పంపే పద్ధతి 1982లో రాసుకున్నది. పంపేవాడెవడో నిర్ధారించుకునే ఏర్పాటే అప్పుడు లేదు. ఆ లోటుకి అతుకులు వేసుకుంటూ వచ్చాం, ఆ భారం చిన్నవాళ్ల మీద ఎక్కువ పడింది. నేను అద్దెకు తీసుకున్న సర్వర్ పక్క ఐపీల నుంచి ఎవరో స్పామ్ పంపితే మొత్తం ఆ వరుసే బ్లాక్‌లిస్టులో పడింది. నేను పంపినవి రోజుకు నలభై ఉత్తరాలు! బయటపడటానికి మూడు వారాలు తిరిగాను. తిరస్కరించేవాళ్లు కారణం అర్థమయ్యేలా చెప్పాలి, అడిగితే జవాబివ్వడానికి ఒక మనిషి ఉండాలి. పెద్ద కంపెనీలను ఈ మాత్రం అడగడం తప్పెలా అవుతుంది?

రాత్రిడ్యూటీ:
ఆ మాట ఒప్పుకుంటాను. పక్కవాడి పాపం మీకు చుట్టుకోవడం అన్యాయమే. లేఖరి గారూ, మీ లిస్టులో పేర్లు ఎలా చేరాయో చెప్పగలరా?

లేఖరి:
నిన్న రాత్రి కూర్చుని మొత్తం చూశాను. 1,400 పేర్లు నాలుగేళ్ల కిందట ఒక సదస్సులో హాజరు పట్టీ నుంచి ఎక్కించినవి. వాళ్లు సంతకం పెట్టింది హాజరు కోసం, నా వ్యాసాల కోసం కాదు. అప్పుడు అది తప్పని అనిపించలేదు. పైగా, ఖాతా లేదని తిరిగొచ్చిన చిరునామాలను ఒక్కసారీ తీసేయలేదు.

రాత్రిడ్యూటీ:
అసలు ప్రమాదం అక్కడే ఉంది. మూతపడ్డ పాత ఖాతాలను కొన్నిచోట్ల కొన్నాళ్లకు వలగా మారుస్తారు. ఆ చిరునామాకి ఉత్తరం వచ్చిందంటే, పంపినవాడు లిస్టు శుభ్రం చేసుకోవట్లేదని వాళ్లకు తెలిసిపోతుంది. ఆ 1,400 మందినీ తీసేయండి. ‘ఉంటారా?’ అని అడుగుతూ ఇంకో మెయిల్ కూడా పంపకండి.

లేఖరి:
తీసేశాను. ఈ వారం ఈమధ్య నాకు జవాబు రాసిన 300 మందికే పంపుతాను, ఆ తర్వాత కొద్దికొద్దిగా పెంచుతాను. కారణం చెప్పకుండా తిరస్కరించడం మీద నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. పాఠకురాలు గారూ, కొత్త రద్దు బటన్ పెట్టాక మీకొక మెయిల్ పంపమంటారా? ఎలా కనిపిస్తుందో చూసి చెబుదురుగాని.

పాఠకురాలు:
పంపండి. ఫోన్‌లో, కంప్యూటర్‌లో రెండింట్లోనూ చూసి చెబుతాను.