మ్యాన్‌డే (ఒక రోజు పని) రేటులో టీఏ, డీఏ (ప్రయాణం, బస, తిండి ఖర్చులు) కలిపి చెప్పాలా, విడిగా చెప్పాలా?

బాలానగర్ పీఎల్‌సీ:
అందరికీ నమస్తే. నాది ఆటోమేషన్ కమిషనింగ్ పని, అంటే ఫ్యాక్టరీల్లో కొత్త కంట్రోల్ ప్యానెళ్లను నడిపించి అప్పగించడం. ఒక ప్యానెల్ షాపులో తొమ్మిదేళ్లు చేసి, రెండేళ్ల నుంచి సొంతంగా సైట్లకు వెళ్తున్నాను. ఇప్పుడు తాడిపత్రి దగ్గర ఒక సిమెంటు ప్లాంటుకు కొటేషన్ ఇవ్వాలి. వాళ్ల పర్చేజ్ ఆఫీసరు ఒకటే మాట చెప్పారు: "మ్యాన్‌డే రేటు ఒక్కటే రాయండి, టీఏ డీఏ అన్నీ అందులోనే."

పోయిన ఏడాది వేరే చోట ఇలాగే ఒప్పుకుని దెబ్బతిన్నాను. అన్నీ కలిపి రోజుకు 8,000 అనుకున్నాం. నాలుగు రోజుల పని. తీరా వెళ్తే ప్యానెళ్లకు పవరే రాలేదు, ఫీల్డు కేబుళ్లు ఇంకా కలపకుండా గ్లాండుల్లోంచి బయటికి వేలాడుతున్నాయి. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని రెండు రోజులు ప్యానెల్ రూములో కూర్చుని వెనక్కి వచ్చాను. మళ్లీ పిలిచారు, మళ్లీ అదే కథ. మూడో ట్రిప్పుకి పని అయింది. టైమ్‌షీటులో సంతకం పెట్టింది మాత్రం నాలుగు రోజులకే. 32,000 బిల్లులో ప్రయాణాలకు, లాడ్జికి, తిండికి 13,400 పోయింది. నేను ఇంట్లో లేని రోజులు పదమూడు. అంటే రోజుకు 1,430 రూపాయలు మిగిలాయి. ఆ లెక్క మా ఆవిడకు చెప్పలేకపోయాను.

అందుకే అడుగుతున్నాను. కలిపి చెప్పడం అసలు న్యాయమేనా?

పరవాడ పర్చేజ్:
నేను అవతలి కుర్చీలో కూర్చునేవాణ్ణి, అందుకని ఉన్నమాట చెప్తాను. కలిపి అడిగేది మోసం చేయడానికి కాదు. నా ముందు మూడు కొటేషన్లు ఉంటాయి: ఒకటి హైదరాబాద్‌ది, ఒకటి చెన్నైది, ఒకటి వైజాగ్‌ది. ఒకరు టీఏ యాక్చువల్స్ (అయిన ఖర్చు బిల్లు చూపి తీసుకోవడం) అంటారు, ఒకరు ఏసీ క్యాబ్ అంటారు, ఇంకొకరు ఏమీ రాయరు. వీటిని పక్కపక్కన పెట్టి ఎల్1 (అందరికంటే తక్కువ ధర) ఎవరో ఎలా తేల్చాలి?

యాక్చువల్స్ ఒప్పుకున్నాక వచ్చే తలనొప్పి వేరు. ఒకసారి 640 రూపాయల ఆటో ఖర్చుకు బిల్లు లేదని అకౌంట్స్ వాళ్లు మొత్తం 58,000 పేమెంటు ఆపేశారు. రెండు నెలలు ఆ ఇంజినీరు నాకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. నేను కిందకీ పైకీ తిరిగాను. రిస్కు ఉందనిపిస్తే రేటులోనే వేసుకోండి, 8,500 బదులు 11,000 రాయండి. దాచమని ఎవరూ అనలేదు.

జీడిమెట్ల డ్రైవ్స్:
నాకైతే కలిపి చెప్పడమే హాయి. పటాన్‌చెరు, జడ్చర్ల, చౌటుప్పల్ సైట్లకు నా బండి మీదే వెళ్లి రాత్రికి ఇల్లు చేరతాను. బిల్లులు పోగేసి, అంటించి, స్కాన్ చేసే పని లేదు. ఏ బండి మీద వచ్చావు, ఏ లాడ్జిలో దిగావు అని ఎవరూ అడగరు. పొదుపు చేసింది నాదే.

కాకపోతే ఒక మాట ఒప్పుకోవాలి. రాత్రి బయట పడుకోవాల్సిన సైటుకి నేనెప్పుడూ ఇలా చేయలేదు.

బాలానగర్ పీఎల్‌సీ:
పర్చేజ్ సార్, మీ 640 కథ అర్థమైంది. కానీ 11,000 రాయమంటున్నారు చూడండి, అక్కడే నా బాధ. ఎన్ని ట్రిప్పులు అవుతాయో నాకేం తెలుసు? సైటు రెడీగా ఉందో లేదో చెప్పేది మీ వాళ్లు, రమ్మనేది మీ వాళ్లు. రమ్మన్నవాళ్లకు ఖర్చు లేకపోతే కేబుల్ టెర్మినేషన్ (కేబుళ్లు కలపడం) పూర్తి కాకముందే పిలుస్తారు. "వచ్చి కూర్చుంటే పని కదులుతుంది" అన్న మాట ఎన్ని సైట్లలో విన్నానో! ఒక్క ట్రిప్పుతో అయిపోతే 11,000 మీకు ఎక్కువ. నాలుగైతే నాకు తక్కువ. ఇద్దరం కలిసి జూదం ఆడినట్టే.

లెక్కల పుస్తకం:
నేను అకౌంట్స్ రాసిపెట్టే మనిషిని, ఇలాంటి ఇంజినీర్లు నా దగ్గర చాలామంది ఉన్నారు. పన్ను సంగతి చూడకుండా ఈ చర్చ తేలదు.

కలిపి చెప్పినా, విడిగా చెప్పినా, టికెట్ మీరు కొని మీ బిల్లులో వేస్తే జీఎస్టీకి అది మీ సర్వీసు విలువలో భాగమే. మీకు రిజిస్ట్రేషన్ ఉంటే రైలు టికెట్ డబ్బు మీద కూడా 18 శాతం వేయాలి. ఆ పన్నును క్రెడిట్‌గా తమ జీఎస్టీలో తగ్గించుకోగలిగిన ఫ్యాక్టరీకి అది బరువు కాదు, కానీ మీ టర్నోవర్ పెరుగుతుంది. సర్వీసులకు రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షలు. హైదరాబాద్ నుంచి ఆంధ్రకు వెళ్లి పనిచేస్తే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలని ఇప్పటికీ చాలామంది భయపడుతున్నారు. 2017 అక్టోబరు నుంచి సర్వీసులకు ఆ షరతు లేదు.

రెండోది టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేవాళ్లు ముందే కోసే ఆదాయపు పన్ను. ఒకే బిల్లులో ప్రయాణం కూడా ఉంటే మొత్తం మీద కోస్తారు. బిల్లులోంచి ఖర్చులు తీసేసి కోయకూడదని 1995 నాటి సీబీడీటీ (ఆదాయపు పన్ను బోర్డు) సర్క్యులర్ 715లోనే ఉంది. ప్రొఫెషనల్ ఫీజు కింద 10 శాతం కోస్తే, మీరు ఆల్రెడీ ఖర్చు పెట్టేసిన డబ్బులోంచి కూడా పదో వంతు రిటర్న్ వేసేదాకా ఆగిపోతుంది.

మూడోది అసలైనది. మనందరం 44ఏడీఏ అని పిలుచుకునే పద్ధతిలో రిటర్న్ వేసేవాళ్లకు, ఖర్చు ఎంతైనా, వచ్చిన డబ్బులో సగం ఆదాయంగా లెక్క. ఏడాదికి 24 లక్షల ఫీజు, 6 లక్షల ప్రయాణం కలిపి బిల్లు చేశారనుకోండి, ఆదాయం 15 లక్షలు అవుతుంది. ప్రయాణం కంపెనీయే చూసుకుని ఉంటే 12 లక్షలే. ఆ 6 లక్షలు రైల్వేకి, లాడ్జికి పోయినా సగం మీ ఆదాయమే.

కాబట్టి టికెట్టు, గది వాళ్లనే నేరుగా బుక్ చేయమనండి. అది కంపెనీ బాధ్యత అని వర్క్ ఆర్డరులో రాయించండి. ఆ ఒక్క లైను లేకపోతే మీరు కట్టాల్సింది వాళ్లు కట్టారని, దాన్ని కూడా మీ సర్వీసు విలువలో కలపమని అడిగే అవకాశం ఉంది.

కొత్తగూడెం పాతకాపు:
తమ్ముడూ, ముప్పై ఏళ్లుగా బాయిలర్ల చుట్టూ తిరుగుతున్నా. యాక్చువల్స్ వద్దు, కలపడమూ వద్దు. విజిట్ ఛార్జీ పెట్టు. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు ఇంత అని ముందే ఫిక్స్. బిల్లు అతికించే పని లేదు, ఆడిట్ గొడవ లేదు. పిలిచే ముందు సైట్ ఇన్‌చార్జి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. గది, తిండి మాత్రం వాళ్ల గెస్ట్‌హౌస్‌లోనే. సిమెంటు ప్లాంటుల్లో గెస్ట్‌హౌస్ లేకపోవడం నేనెక్కడా చూడలేదు.

వెయిటింగ్ గురించి కూడా రాయి. గేటు పాస్ మీద టైము పడిందంటే ఆ రోజు నీది.

పరవాడ పర్చేజ్:
విజిట్ ఛార్జీకి నాకు అభ్యంతరం లేదు. రెండు విజిట్లు లెక్కేసి ఎల్1 తేల్చుకోవచ్చు. వెయిటింగ్‌కి పూర్తి రేటు మాత్రం ఒప్పుకోను. వర్షం పడినా, గ్రిడ్ పోయినా నేనే కట్టాలా?

కొత్తగూడెం పాతకాపు:
వర్షంలో మా వాడి ఇంట్లో పొయ్యి వెలగక్కర్లేదా సార్?

బాలానగర్ పీఎల్‌సీ:
అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. నిన్న పంపిన కొటేషన్‌లో ఇలా రాశాను: మ్యాన్‌డే 7,500. విజిట్‌కి 4,200, అందులో రానుపోను ప్రయాణం, దారిలో తిండి. గది, భోజనం కంపెనీ గెస్ట్‌హౌస్‌లో, అది కంపెనీ బాధ్యత. సైటు రెడీ అని 48 గంటల ముందు మెయిల్ రావాలి. గేటు పాస్ పడిన ప్రతి రోజూ మ్యాన్‌డే.

ప్లాంటు పర్చేజ్ ఆఫీసరు ఫోన్ చేసి అరగంట మాట్లాడారు. 7,500 గురించి ఒక్క మాట అనలేదు, గొడవంతా వెయిటింగ్ మీదే. మొదటి రోజు వెయిటింగ్‌కి సగం, రెండో రోజు నుంచి పూర్తి అని తేల్చుకున్నాం. ఇక్కడ పరవాడ పర్చేజ్ సార్ అన్న వర్షం మాట గుర్తొచ్చి ఆ సగానికి దిగాను. పీవోలో (పర్చేజ్ ఆర్డరులో) రెండు విజిట్లు రాశారు, మూడోదానికి ముందు మెయిల్ మీద అప్రూవల్ కావాలన్నారు. సరే అన్నాను.

పొద్దున మెయిల్ వచ్చింది. కింద ఒక ఫోటో కూడా పెట్టారు: కరెంటు లోపలికి వచ్చే ఇన్‌కమర్ ప్యానెల్ మీద మూడు ఫేజుల ఆర్, వై, బి దీపాలు మూడూ వెలుగుతున్నాయి. రేపు రాత్రి కాచిగూడలో రైలెక్కుతున్నాను.