‘ప్రొవిజన్ గ్రౌండ్’కి తెలుగు మాట: పెరడా, చేనా, బత్తెపు నేలా?

కరీబియన్ దీవి జమైకాలోని చెరకు ఎస్టేట్ల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్న మన గ్రూపు మిత్రురాలు ఒక మాట దగ్గర ఆగిపోయానని రాశారు. బానిసలు తమ తిండి తాము పండించుకోవడానికి ఎస్టేటు యజమానులు వదిలిన భూమిని ఇంగ్లీషులో ‘ప్రొవిజన్ గ్రౌండ్’ అంటారు. ఆవిడ ముందు ‘పెరటి తోట’ అని రాసుకున్నారు, మనసొప్పక మనల్ని అడిగారు. కామెంట్లలో ‘కూరగాయల మడి’, ‘మాన్యం’, ‘పోడు’ అని రకరకాలుగా వచ్చాయి. ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన మనుషుల సేద్యం గురించి నాకు చాలా ఆసక్తి. అందుకే విడిగా రాస్తున్నాను.

మాట వెతికే ముందు ఆ నేల ఎలాంటిదో చూడాలి. జమైకాలో చదునైన మంచి భూమంతా చెరకుకే పోయింది. చెరకు పనికిరాని కొండవాలు, రాళ్ళ నేల, ఎస్టేటు ఇళ్ళకు మైళ్ళ దూరంలో ఉన్నది, బానిసలకు వదిలారు. ఇది దయతో చేసిన పని కాదు. తిండిగింజలు ఓడల్లో తెప్పించి పెట్టాలంటే యజమానికి ఖర్చు. నేల చూపించి ‘మీ తిండి మీరే పండించుకోండి’ అంటే ఆ ఖర్చు తప్పుతుంది. ఇంకో చెరకు దీవి బార్బడోస్‌లో కొండలు తక్కువ, దీవంతా చెరకే, కాబట్టి అక్కడ ఎక్కువగా రేషన్ కొలిచి ఇచ్చేవారు. జమైకాలో మాత్రం వారమంతా చెరకు నరికిన మనిషి ఆదివారాలు, చెరకు గానుగ ఆడని రోజుల్లో రెండు వారాలకు ఒక రోజు, ఆ కొండ ఎక్కి తవ్వుకోవాలి.

అలా తవ్వుకున్నవాళ్ళు ఏం చేశారో చూడండి. పెండలం, చామదుంప, కూర అరటి, కర్ర పెండలం, బెండ, మిరప, బొబ్బర్లు పండించారు. ఒకే చోట ఎత్తుగా పెరిగేవి, నేల మీద పాకేవి, భూమిలో ఊరేవి కలిపి వేసేవారు. వరసలూ గీతలూ లేని ఆ సేద్యాన్ని చూసి చాలామంది తెల్లవాళ్ళు అడ్డదిడ్డం అనుకున్నారు. నిజానికి వాలు నేలలో మట్టి కొట్టుకుపోకుండా, ఏడాది పొడుగునా ఏదో ఒకటి చేతికొచ్చేలా చేసే పద్ధతి అది. తిన్నది పోగా మిగిలినది ఆదివారపు సంతకు వెళ్ళేది. దీవిలో చాలామంది తెల్లవాళ్ళ భోజనాల బల్ల మీద కూరలు కూడా ఆ సంత నుంచి వచ్చినవే. 1774లో ఎడ్వర్డ్ లాంగ్ జమైకా చరిత్ర రాస్తూ, దీవిలో తిరుగుతున్న డబ్బులో సుమారు ఐదో వంతు బానిసల దగ్గరే ఉందని అంచనా కట్టాడు. ఆయన బానిసత్వాన్ని గట్టిగా సమర్థించినవాడు, వాళ్ళను పొగడడానికి రాసిన లెక్క కాదు.

ఇంకో సంగతి నన్ను బాగా కదిలించింది. చట్టం ప్రకారం బానిసకు సొంత ఆస్తి లేదు, ఆ మనిషే ఇంకొకరి ఆస్తి. అయినా ఈ నేలల మీద ఒక ఆచారం నిలిచింది. ఎవరి చేను వాళ్ళదే, చనిపోతూ పిల్లలకో తోడబుట్టినవాళ్ళకో అప్పజెప్పవచ్చు. యజమానులు దాన్ని కాదనడానికి జంకేవారు. కాయితం ముక్క లేకుండా, పని చేసిన చేతుల వల్లే వచ్చిన హక్కు అది.

ఇప్పుడు మాటలు. ‘మాన్యం’ నాకు ససేమిరా నచ్చదు. మాన్యం సేవకు గుర్తింపుగా ఇచ్చేది, దానికి శాసనమో సనదో ఉంటుంది, ఊళ్ళో పరువు ఉంటుంది. ఇక్కడ అవేవీ లేవు. ‘మడి’ అంటే నీళ్ళు పారే చదును నేల కళ్ళ ముందుకొస్తుంది. ‘పెరడు’ ఇంటి వెనక ఉండాలి, దీనికి మైళ్ళు నడవాలి. ‘పోడు’ కొండనైతే చూపిస్తుంది, కానీ పోడు చోటు మారే సాగు. ఇది తల్లి నుంచి పిల్లలకు దిగిన నేల.

అసలు విషయం ఏమిటంటే, ‘ప్రొవిజన్ గ్రౌండ్’ అన్నది ఎస్టేటు లెక్కల పుస్తకాల్లోని మాట. ఆ నేల దున్నినవాళ్ళూ వాళ్ళ మనవలూ ఉత్త ‘గ్రౌండ్’ అనేవారు. జమైకా పల్లెల్లో ఇప్పటికీ ‘మి అ గో అ గ్రంగ్’ అంటారు. మన పల్లెల్లో ‘చేనుకు పోతన్నా’ అనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. అందుకని నా సూచన, రెండు మాటలు వాడండి. యజమాని నోటా, చట్టంలో, లెక్కల పుస్తకంలో వచ్చినప్పుడు ‘బత్తెపు నేల’. బత్తెం అంటే పనివాడికి పూటకు కొలిచి ఇచ్చేది, యజమాని చూపు ఆ మాటలోనే ఉంది. దున్నేవాళ్ళ వైపు నుంచి చెప్పేటప్పుడు ‘చేను’. ఒక్కటే మాట పెట్టి వ్యాసమంతా నడిపితే ఈ తేడా పోతుంది, ఆ తేడాయే ఈ చరిత్రలో ముఖ్యం.

వ్యాఖ్య: అన్నా, ‘చెలక’ అంటే కాదా? మా కరీంనగర్ దిక్కు వాన మీద పండే నేలను చెలకనే అంటం. చేను కన్నా దగ్గరి మాట అనిపిస్తది.

జవాబు: అనువాదం చేసేవారిది తెలంగాణ అయితే నిరభ్యంతరంగా ‘చెలక’ రాయవచ్చు తమ్ముడూ. ‘చెలకకు పోతున్న’ అన్న వాక్యంలో మంచి జీవం ఉంది. నాకు ఒకటే సందేహం. చెలక అనగానే మనకు తేలికపాటి ఎర్రనేల, వాన కోసం ఎదురుచూపు గుర్తొస్తాయి. జమైకా కొండలకు వాన బాగానే పడుతుంది, అక్కడి కష్టం దూరమూ వాలూ రాళ్ళూ, అన్నిటికన్నా తీరిక లేకపోవడం.

వ్యాఖ్య: పెరడు అన్న మాటను పూర్తిగా వదిలేయాలా? మూలంలో ‘యార్డ్’ అని కూడా చాలాసార్లు వచ్చింది. అదీ తోటే కదా అని రెండింటికీ ఒకటే మాట పెట్టాను.

జవాబు: రెండూ వేరు మేడమ్, దయచేసి విడదీయండి. ‘యార్డ్’ అంటే ఇల్లు, వాకిలి, చుట్టూ చెట్లు, వంట, పిల్లల ఆటలు అన్నీ కలిపి. అక్కడ పెరడు బాగా కుదురుతుంది, కొన్నిచోట్ల ‘లోగిలి’ ఇంకా బాగుంటుంది. బిడ్డ పుట్టినప్పుడు బొడ్డుతాడు యార్డులో పాతి, ఆ చోట ఒక చెట్టు నాటడం జమైకాలో పాత ఆచారం. ఆ చెట్టు ఆ బిడ్డదే. పెద్దలను కూడా చాలామంది అక్కడే సమాధి చేసేవారు. విదేశాల్లో ఉన్న జమైకన్లు తమ దేశాన్నే ‘యార్డ్’ అంటారంటే ఆ మాట ఎంత లోతుకు వెళ్ళిందో అర్థమవుతుంది.

1838లో పూర్తి స్వేచ్ఛ వచ్చాక యజమానులు చాలాచోట్ల ఈ ఇళ్ళకూ చేలకూ అద్దె వేశారు. అద్దె కోసమైనా చెరకు పనికి వస్తారని వాళ్ళ ఎత్తు. చాలామంది వదిలేసి కొండల్లో చిన్న చిన్న కమతాలు కొనుక్కుని ‘ఫ్రీ విలేజ్’లు కట్టుకున్నారు. బాప్టిస్టు మిషనరీ జేమ్స్ ఫిలిప్పో మొదలుపెట్టిన స్లైగోవిల్ వాటిలో మొదటిదని చెబుతారు. అలా కొన్న నేలను ‘ఫ్యామిలీ ల్యాండ్’ అంటారు. పిల్లలందరికీ ఉమ్మడి హక్కు, అమ్మకూడదు. దానికి తెలుగులో ‘ఉమ్మడి ఆస్తి’ అనకండి, అది కోర్టు మాట అయిపోతుంది. ‘ఇంటివారి నేల’ అనొచ్చేమో చూడండి.

వ్యాఖ్య: చాలా థాంక్స్ అండీ. ‘యామ్’కి నేను ‘కంద’ అని రాశాను. మీరు పెండలం అన్నారు. ఏది సరి?

జవాబు: పెండలమే. మన కందకు కూడా ఇంగ్లీషులో ‘ఎలిఫెంట్ ఫుట్ యామ్’ అని పేరు ఉండటంతో ఈ గందరగోళం వస్తుంది. ఆఫ్రికా, జమైకా యామ్ తీగ జాతి, కర్రకు పాకిస్తారు. మన పెండలం దాని దగ్గరి చుట్టం. కంద వేరే కుటుంబం, చామకు బంధువు. ‘కసావా’ కర్ర పెండలం. ‘ఎడ్డో’, ‘డషీన్’ రెండూ చామ రకాలే. జమైకాలో రోజూ వండుకునే ‘కలలూ’ చాలావరకు మన తోటకూర జాతే, తెలుగు పాఠకుడికి ఆ ముక్క చెబితే సంతోషిస్తాడు. ఇక ‘యామ్’ అనే మాట పోర్చుగీసు మీదుగా పశ్చిమ ఆఫ్రికా భాషల నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. వొలోఫ్ భాషలో ‘న్యామ్’ అంటే రుచి చూడడం.

వ్యాఖ్య: నేను అట్లాంటాలో ఉంటాను. ఇక్కడి నల్లజాతి వాళ్ళ తోటల్లో బెండ, బొబ్బర్లు చూసి మనవే అనుకునేదాన్ని. ఈ మాటల సంగతి అమెరికాకూ వర్తిస్తుందా?

జవాబు: బాగా వర్తిస్తుందమ్మా. ‘ఓక్రా’ ఇగ్బో భాష మాట. ‘గంబో’ బాంటూ భాషల్లో బెండకున్న పేరే, లూసియానాలో కూర పేరయింది. వేరుశనగను అమెరికా దక్షిణాదిలో ‘గూబర్’ అంటారు కదా, అది కాంగో ప్రాంతపు ‘న్గుబా’. వేరుశనగ పుట్టింది దక్షిణ అమెరికాలో. పోర్చుగీసువాళ్ళు ఆఫ్రికాకు తీసుకెళ్ళారు, అక్కడ అలాంటి ఇంకో పప్పుకున్న పేరు దీనికీ పెట్టారు, ఆ పేరుతోనే ఉత్తర అమెరికా చేరింది. నువ్వులది ఇంకా చిత్రం. అవి మన ఉపఖండంలో సాగులోకి వచ్చినవే. దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్‌లో మాత్రం పశ్చిమ ఆఫ్రికా పేరుతో ‘బెన్నె’ అయ్యాయి, అక్కడి బెన్నె బిస్కెట్లు మీరు తినే ఉంటారు.

బొబ్బర్లు మాత్రం ఆఫ్రికాలో సాగులోకి వచ్చిన పంట, ఎప్పుడో వేల ఏళ్ళ కిందట మన దగ్గరికి వచ్చింది. జొన్న, సజ్జ, రాగి కూడా అంతే. చింతచెట్టు సొంత ఊరు కూడా ఆఫ్రికానే.

దక్షిణ కరోలినా, జార్జియా తీరపు దీవుల్లో బానిసల సంతతి అయిన గల్లా గీచీ ప్రజల భాషను లొరెంజో డౌ టర్నర్ అనే నల్లజాతి భాషావేత్త ఏళ్ళ తరబడి రికార్డు చేశారు. 1949లో ఆయన పరిశోధన అచ్చయ్యేదాకా చాలామంది పండితులు దాన్ని చెడిపోయిన ఇంగ్లీషుగానే లెక్కగట్టారు. ఆయన వేల కొద్దీ ఆఫ్రికా మాటలూ పేర్లూ చూపించారు. మన మాండలికాలను ‘వంకర తెలుగు’ అన్న రోజులు చూసినవాళ్ళం, ఆ పని విలువ మనకు చెప్పక్కర్లేదు.

వ్యాఖ్య: ఆఖరి ప్రశ్న. ‘అకీ’ పండుకు తెలుగు పేరు ఏదీ దొరకలేదు. శాస్త్రీయ నామం పెట్టేయనా?

జవాబు: వద్దండీ, ‘అకీ’ అనే ఉంచండి. ఆ పేరు పశ్చిమ ఆఫ్రికా నుంచి మొక్కతో పాటే వచ్చింది. 1778లో ఒక బానిస ఓడ కెప్టెన్ దగ్గర కొన్న మొక్కలతో జమైకాలో దాని పెంపకం మొదలైనట్టు చెబుతారు. శాస్త్రీయ నామం ‘బ్లైగియా సపిడా’, అంటే ‘బౌంటీ’ ఓడ తిరుగుబాటుతో పేరుకెక్కిన కెప్టెన్ బ్లై పేరు. 1793లో ఆయన పసిఫిక్ నుంచి సీమపనస మొక్కలు జమైకాకు తెచ్చాడు, బానిసల తిండి చవగ్గా తేలుతుందని. తిరుగు ప్రయాణంలో అకీని లండన్‌లోని ‘క్యూ’ అనే వృక్షశాస్త్ర తోటకు పట్టుకెళ్ళాడు, చెట్టుకు ఆయన పేరు పడింది. చెట్టును ఎరిగినవాళ్ళ పేరు మాత్రం జమైకా వంటిళ్ళలో ఉంది.

కింద ఒక చిన్న వివరణ మాత్రం తప్పనిసరిగా ఇవ్వండి. అకీ పచ్చి కాయలో విషం ఉంటుంది. కాయ చెట్టు మీదే ఎర్రబడి తనంతట తాను విచ్చుకోవాలి. అప్పుడు నల్ల గింజలూ, గింజకూ కండకూ మధ్య ఉండే ఎర్రటి ఈనెలూ తీసేసి, మీగడ రంగు కండను ఉడికించి నీళ్ళు పారబోసి వండుతారు. ఇది తెలియకపోతే ‘అకీ, ఉప్పుచేప’ జమైకా జాతీయ వంటకం ఎలా అయిందో పాఠకుడికి అర్థం కాదు. మీ వ్యాసంలో సంత ఘట్టం అయ్యాక ఈ వివరణ పెడితే బాగుంటుంది. డ్రాఫ్టు పూర్తయ్యాక ఇక్కడ పెట్టండి, ‘చేను’, ‘బత్తెపు నేల’ ఏ వాక్యంలో ఏది పడాలో కలిసి చూద్దాం.