ఐబీఎస్‌కు డిప్రెషన్ గోలీ ఎందుకు? ముందు తిండి మారిస్తే సరిపోదా?

కాజీపేట మెడికల్:
కడుపునొప్పి, విరేచనాలని పోయినోళ్లకు ఐబీఎస్ (పేగుల పుండు, గడ్డ లేకున్నా నొప్పి, విరేచనాలో మలబద్ధకమో మాటిమాటికి వచ్చే ఇబ్బంది) అని చెప్పి అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. రాస్తున్నరు. ఇంటికి పోయి ఫోన్ల చూస్తే డిప్రెషన్ గోలీ అని వస్తది. ‘నాకేమన్న పిచ్చి లేసిందా?’ అని తెల్లారి వాపస్ తెస్తరు. ముందు తిండి సక్కజేసుకోవాలె, గోలీ ఆఖరికి అని నేనంట. కాదనేటోళ్లు చెప్పున్రి.

హన్మకొండ డైట్:
తిండి సక్కజేసుడంటే మనోళ్లకు కారం బంద్ చేసుడే. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ మాత్రం అన్ని కూరలల్ల పోతనే ఉంటయి. వాటిల ఫ్రక్టాన్లు అనే ఒక రకం పిండిపదార్థాలుంటయి. చిన్నపేగు అరిగించలేదు, పెద్దపేగుల బ్యాక్టీరియా పులియబెట్టి గ్యాస్ చేస్తది. మెల్‌బోర్న్ మోనాష్ యూనివర్సిటీ వాళ్ల ఫాడ్‌మ్యాప్ పద్ధతిల ఇసొంటి అరగక పులిసే తిండ్లన్నీ 2 నుంచి 6 వారాలే ఆపాలె. తర్వాత ఒక్కొక్కటి 3 రోజులు, కొద్దికొద్దిగ పెంచుకుంట తిని చూడాలె. చాలామంది ఈ రెండో మెట్టు ఎక్కరు, ఏండ్లకేండ్లు పథ్యంలనే ఉంటరు.

ఫ్రక్టాన్లు నీళ్లల్ల కరుగుతయి, నూనెల కరగవు. ఉత్త నూనెల ఎల్లిగడ్డ రెబ్బలు వేయించి, టమాటనో నీళ్లో పడకముందే తీసేస్తే రుచి నూనెల మిగులుతది. ఉల్లికాడల పచ్చభాగం వాడొచ్చు. అన్నం, జొన్నరొట్టె ఆపే పని లేదు. సర్వపిండికి శనగపప్పు నానబెట్టిన నీళ్లు పారబోయున్రి, పప్పు కూడ తక్కువ ఎయ్యున్రి.

పేగుల ఓపీ:
మెడికల్ అన్నా, ఆఖరికి అంటే ఎప్పటికి? డిప్రెషన్‌కైతే సాధారణంగా 75 మి.గ్రా. పైనే ఇస్తాం. 10 మి.గ్రా. పనిచేసేది పేగు నుంచి మెదడుకు నొప్పి మోసే నరాల మీద. 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అట్లాంటిస్ పరీక్షలో, తొలి చికిత్సతో తగ్గని 463 మందిని తీసుకున్నారు. 10తో మొదలుపెట్టి 30 మి.గ్రా. వరకు, 6 నెలలు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే వీళ్లకు బాధలు తగ్గాయి. ఆందోళన, డిప్రెషన్ స్కోర్లు మాత్రం మారలేదు. అంటే మేలు మనసు దారిలో రాలేదు.

రాత్రి పడుకునే టైముకు కాకుండా ఓ గంటో రెండు గంటలో ముందే వేసుకుంటే పొద్దున మత్తు తక్కువ. గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది, నోరెండటం మాత్రం మొదటి రోజుల్లోనే వస్తుంది. అందుకే మధ్యలోనే మానేస్తారు. మలబద్ధకం ఎక్కువుండే రకం ఐబీఎస్‌లో ఇది ఇంకా బిగిస్తుంది. గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), గుండె లయ సమస్య, మూత్రం ఆగే ఇబ్బంది ఉంటే ముందే చెప్పాలి. మలంలో రక్తం, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనం ఉంటే ముందు పరీక్షలు, తర్వాతే ఈ చర్చ.

జనగామ కౌన్సెలింగ్:
సార్, మీరు చెప్పిన ఆ మారని స్కోర్లే నా పాయింట్. నొప్పి తగ్గినా బస్సు భయం పోదు. హన్మకొండ నుంచి హైదరాబాద్ మూడు గంటలు, నడుమ ఆపుతరో లేదో. అందుకని ముందు రోజు రాత్రి నుంచే తినరు, పొద్దున ఖాళీ కడుపుల చాయ్ పోస్తరు. ఆకలికి ఆగలేక దారిల పూరీలు తింటరు. ఖాళీ కడుపుల ఒక్కసారే నూనె తిండి పడితే పెద్దపేగు గట్టిగ కదులుతది, అరగంటల్నే కడుపు తిప్పుతది. ‘చూసిన్రా, బస్సెక్కితే గింతే’ అని మనసుల పడిపోతది. బయలెళ్లేటందుకు రెండు గంటల ముందు కొంచెం అన్నం తిని, ఒకసారి టాయిలెట్‌కు పోయి రావాలె. ముందు కాజీపేట దాక, భయం దిగినంక జనగామ దాక, ఆ తర్వాతే హైదరాబాద్. విరేచనాలు ఆపే లోపెరమైడ్ గోలీ డాక్టర్ చెప్తే వాడొచ్చు. కని ప్రతి ప్రయాణానికి తాయత్తు లెక్క జేబుల పెట్టుకుంటే భయం అట్లనే ఉంటది.

హన్మకొండ డైట్:
ఇది ఒప్పుకుంట. ఇప్పటికే తిండంటే భయపడేటోళ్లకు, బక్కచిక్కినోళ్లకు ఫాడ్‌మ్యాప్ నేనే వద్దంట. లిస్టు చేతికిస్తే ఉన్నది కూడ తినుడు మానేస్తరు.

కాజీపేట మెడికల్:
మిగిలినోళ్లకు మాత్రం ముందు ఆరు వారాల తిండే అంట, ఆ మాట మార్చ. డాక్టర్ సార్‌కు ఒక్కటే చెప్తున్న: చీటీ మీద గోలీ పేరు కింద ‘పేగు నరాల నొప్పికి, రాత్రి’ అని తెలుగుల రాయున్రి. వాపస్ వచ్చేటియి సగం కౌంటర్ దాక రావు.