హాంకాంగ్ మెట్రోలో వినిపించే "మత్"

హాంకాంగ్‌లో మాట్లాడే చైనీస్ రూపం కాంటనీస్. అందులో "కాదు", "వద్దు" అనే అర్థంలో రాతలో వాడే గ్రాంథిక పదాలు మన "వలదు", "రాదు"ల లాంటివేనని ఒక మిత్రులు రాశారు. పోలిక బాగుంది, కానీ సగం దాకానే నిలుస్తుంది.

హాంకాంగ్ మెట్రో రైలు తలుపులు మూసుకునే ముందు "ఛింగ్ మత్ ఖావ్ కన్ ఛే మున్" అని వినిపిస్తుంది. దయచేసి తలుపుల దగ్గరకు రావద్దని అర్థం. "వద్దు" అన్నది అందులోని "మత్". హిందీ "మత్"తో దీనికి చుట్టరికం లేదు. చివరి "త్"ను పూర్తిగా బయటికి పలకరు, నాలుక పళ్ల వెనక ఆనగానే ఊపిరి అక్కడే ఆగిపోతుంది. ప్రాచీన చైనీస్ నాటి ఈ హల్లు బీజింగ్ నోట, అంటే మాండరిన్‌లో, రాలిపోయి, ఇదే పదం అక్కడ "వూ" అయింది. కాంటనీస్ మాత్రం దాన్ని పోగొట్టుకోలేదు. ఈ భాష మీద నాకు ప్రేమ కలిగింది ఇలాంటి చోటే.

అదే ప్లాట్‌ఫారం మీద బిడ్డను వెనక్కి లాగే తల్లి "మత్" అనదు. "మ్ హో" అంటుంది, లేదా "మై" అంటుంది. అచ్చు లేని ఆ "మ్" దానికదే ఒక పూర్తి మాట. తేడా ఇక్కడే ఉంది. మన బస్సులో "పొగ త్రాగరాదు" అని రాసి ఉన్నా "రాదు" మనం రోజూ వాడే మాటే. "వలదు" అరిగి "వద్దు" అయింది. కాంటనీస్‌లో చాలా చోట్ల మాటే మారిపోతుంది. "కాదు" అనడానికి రాతలో "బత్", నోట "మ్". "అవసరం లేదు" అనడానికి నోటీసులో "మోవ్ సోయ్", దుకాణంలో "మ్ సై". బడిపిల్లలు వార్తాపత్రికను కాంటనీస్ ఉచ్చారణతోనే చదువుతారు, అయినా అందులోని "కాదు", "వద్దు" అమ్మ నోట విన్నవి కావు. పాటల్లోనూ ఎక్కువగా పుస్తక భాషే.

అలాగని రెంటి మధ్య గోడ కట్టలేం. "కానీ" అనడానికి అందరూ వాడే "బత్ క్వో"లో ఆ పాత "బత్" ఇంకా ఉంది.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది "మేయ్", అంటే "ఇంకా లేదు". ఎనిమిదో శతాబ్దపు కవి వాంగ్ వెయ్ సొంత ఊరి నుంచి వచ్చిన మనిషిని, మీరు బయలుదేరిన రోజున కిటికీ ముందు ప్లమ్ చెట్టు పూసిందా, ఇంకా లేదా అని అడుగుతాడు. ఆ పద్యంలో చివరి అక్షరం ఇదే. ఈ రోజు హాంకాంగ్‌లో "అన్నం తిన్నారా?" అని అడిగినా "సిక్ చో ఫాన్ మేయ్?" అనే అడుగుతారు.