టెక్సస్‌లో ప్రైవేట్ ల్యాండ్‌లో జింకల వేట, ఆరెంజ్ వెస్ట్ వేసుకోవాలా వద్దా?

ఇర్వింగ్ అబ్బాయి:
అందరికీ నమస్తే. మా ఆఫీసులో ఒక టెక్సన్ కొలీగ్ ఉన్నాడు, లానో దగ్గర వాళ్ళ ఫ్యామిలీకి డీర్ లీజ్ (జింకల వేటకి అద్దెకి తీసుకున్న భూమి) ఉందంట, నవంబర్‌లో రైఫిల్ సీజన్ మొదలవగానే రమ్మన్నాడు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు అయిపోయింది, లైసెన్స్ కూడా తీసుకున్నా. కోర్సులో మిగతా వేటగాళ్ళకి కనపడేలా ఆరెంజ్ వేసుకోవాలి, ఆరెంజ్ ఆరెంజ్ అని పదేపదే చెప్పారు కదా, తీరా ఇతన్ని అడిగితే ప్రైవేట్ ల్యాండ్‌లో అలాంటి రూల్ ఏం లేదు, మేమెవ్వరం వేసుకోం, అందరం కామోనే (ఆకుల్లో కలిసిపోయే రంగుల బట్టలు) అంటున్నాడు. చూస్తే నిజమే, పబ్లిక్ హంటింగ్ ల్యాండ్స్‌లోనే 400 చదరపు అంగుళాల ఆరెంజ్ ఉండాలి, అందులో ఛాతీ మీద 144, వీపు మీద 144, నెత్తిన ఆరెంజ్ టోపీ అని ఉంది. ప్రైవేట్‌కి ఏమీ లేదు. రూల్ లేదు కదా అని వదిలేయొచ్చా? నేనొక్కణ్ణే వేసుకెళ్తే జింకలు బెదిరిపోయి వాళ్ళ వేట చెడగొట్టినట్టవుతుందా? పైగా వచ్చే ఏడాది కొలరాడోకి ఎల్క్ (జింక జాతిలో పెద్దది) వేటకి వెళ్దాం అంటున్నాడు, అక్కడ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

డెన్వర్ చలి:
కొలరాడోలో రైఫిల్ సీజన్ అయితే వాదనే లేదు బ్రో, నడుము పైన 500 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ ఆరెంజ్ లేదా పింక్, అందులో భాగంగానే అన్ని వైపుల నుంచీ కనిపించే టోపీ ఉండాలి. ఆరెంజ్ కామో లెక్కలోకి రాదు, రంగు నిండుగా ఉండాలి. ఇంకోటి, బ్యాక్‌ప్యాక్ తగిలించుకున్నావంటే వీపు మీద ఆరెంజ్ మొత్తం దాని కిందకి పోతుంది, దాని మీద కూడా ఆరెంజ్ కవర్ వేసుకో.

రూల్ లేకపోతే ఏమవుతుంది అన్నావు కదా, మా దగ్గరే జరిగింది. సెప్టెంబర్‌లో బాణాల సీజన్, మజిల్‌లోడర్ (గొట్టం మూతిలోంచి మందు కూరే తుపాకీ) సీజన్ కొన్ని రోజులు కలిసొస్తాయి, మజిల్‌లోడర్ వాళ్ళు ఆరెంజ్ వేసుకోవాలి, బాణాల వాళ్ళకి మాత్రం అక్కర్లేదు. 2021లో డొలొరెస్ కౌంటీలో మజిల్‌లోడర్ పట్టుకున్న ఒకతను ఎల్క్ అనుకుని బాణాల వేటకొచ్చిన మనిషిని కాల్చేశాడు, ఆయన చనిపోయాడు. అంతా చట్టం ప్రకారమే ఉన్నాడు ఆయన, కామోలో. అదే అడవిలో తుపాకులున్నాయని తెలిసినప్పుడు నా మటుకు నేను బాణం పట్టుకున్నా సరే నడిచేటప్పుడు ఆరెంజ్ తీయను.

శాన్ ఆంటోనియో రెడ్డి:
కొలరాడో వేరు, ఇక్కడ వేరు అండి. ఇక్కడ ఎక్కువమంది మంచె లాంటి టవర్ బ్లైండ్‌లో కూర్చుంటారు, చుట్టూ కంచె, ఎవరు ఏ బ్లైండ్‌లో ఉన్నారో పొద్దున్నే అనుకుని వెళ్తారు. పెట్టెలో కూర్చున్నవాడు వెస్ట్ వేసుకున్నా ఎవరికీ కనపడడు. మీ కొలీగ్‌ని మరీ బాధ్యత లేనివాడిలా చూడకండి.

పిట్స్‌బర్గ్ బాబాయ్:
రెడ్డి గారూ, బ్లైండ్‌లో కూర్చున్నంతసేపూ మీరు చెప్పింది ఒప్పుకుంటా. కానీ పొద్దున చీకట్లో బ్లైండ్ దాకా నడవాలి, సాయంత్రం దిగి రావాలి, దెబ్బతిన్న జింక రక్తం జాడ పట్టుకుని పొదల్లో దూరాలి, కొమ్ములతో సహా దాన్ని లాక్కుంటూ రావాలి. ప్రమాదం అంతా అప్పుడే. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి అస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చొచ్చు, అంటే సరిగ్గా కళ్ళు మోసపోయే వేళ. కంచె సంగతా, 2006లో డిక్ చెనీ కౌజు పిట్టల వేటలో పక్కనున్న లాయర్‌ని కాల్చింది సౌత్ టెక్సస్‌లో ప్రైవేట్ రాంచ్‌లోనే, అందరూ తెలిసినవాళ్ళే, ఆ లాయర్ ఆరెంజ్ వేసుకునే ఉన్నాడు కూడా.

అందుకే అబ్బాయ్, ఇంకో మాట గట్టిగా చెప్తున్నా. ఆరెంజ్ వేసుకోవడం నీ బాధ్యత, కానీ ఆరెంజ్ కనపడలేదు కాబట్టి అక్కడున్నది జంతువే అనుకోవడం మహాపాపం. 1988లో మెయిన్ (Maine) రాష్ట్రంలో హెర్మన్ అనే ఊళ్ళో ఒక తల్లి, చంటి కవలలున్న మనిషి, తన ఇంటి వెనకాలే వేటగాడి గుండు తగిలి చనిపోయింది. చేతులకి తెల్ల గ్లోవ్స్ వేసుకుంది, అతను జింక తోక అనుకున్నాడంట. ఆమె ఆరెంజ్ వేసుకోకుండా ఎందుకు బయటికొచ్చింది అని ఆమెనే తప్పుపట్టినవాళ్ళున్నారు, ఇంటి పెరట్లో తిరిగే మనిషిని! 1990లో కోర్టు అతన్ని నిర్దోషి అని వదిలేసింది. ఆ తర్వాతే అక్కడ, కాల్చేముందు లక్ష్యం ఏంటో ఖాయం చేసుకోవాలని చట్టం తెచ్చారు. మా పెన్సిల్వేనియాలో రైఫిల్ జింకల సీజన్‌కి తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాలు చాలు, నేను మాత్రం ఫుల్ జాకెట్ వేస్తా. తుపాకీ మీదుండే స్కోప్‌లోంచి వెతకొద్దు, స్కోప్ పెట్టావంటే తుపాకీ మనిషి మీదకి తిప్పినట్టే, వెతకడానికి బైనాక్యులర్స్ వాడు.

మాడిసన్ లక్ష్మి:
జింకలు బెదరడం గురించి ఎవరూ చెప్పలేదు. జింక కంట్లో ఎరుపుని విడిగా పట్టే కోన్స్ (రంగులు గుర్తుపట్టే కణాలు) లేవు, రెండు రకాలే ఉంటాయి, ఆరెంజ్ దానికి మసక రంగులా కనిపిస్తుంది. నీలం, అల్ట్రావయొలెట్ మాత్రం మనకంటే బాగా చూస్తుంది, అందుకని బట్టలు తెల్లగా మెరిపించే డిటర్జెంట్‌తో ఉతికిన కామో కంటే మామూలు ఆరెంజే నయం. వెస్ట్ కొనేటప్పుడు ఫ్లోరసెంట్ అవునో కాదో చూడండి, ఎండకీ ఉతుకులకీ ఆ మెరుపు పోతుంది, అన్నయ్య వెస్ట్ తమ్ముడికి ఇచ్చేస్తుంటారు, వద్దు. మా విస్కాన్సిన్ 2016లో పింక్ కూడా ఒప్పుకుంది, మొదటి రాష్ట్రం మాదే. ఆడవాళ్ళు పింక్ కోసం కాచుక్కూర్చున్నారా అని చాలామంది మహిళా వేటగాళ్ళకి కోపం వచ్చింది, నాకూ వచ్చింది, కానీ రాలిన ఎర్ర మేపుల్ ఆకుల మధ్య పింక్ బాగా తేలుతుంది, అది మాత్రం నిజం.

ఇర్వింగ్ అబ్బాయి:
చాలా థాంక్స్ అందరికీ. వెస్ట్, టోపీ రెండూ కొంటున్నా, జింకని లాక్కొచ్చేటప్పుడు కొమ్ములకి కట్టడానికి ఆరెంజ్ గుడ్డ కూడా. బ్లైండ్‌లో తీసేసినా నడిచేటప్పుడు అందరం వేసుకుందాం అని కొలీగ్‌ని అడుగుతా, రెడ్డి గారూ, హోస్ట్‌ని ఇలా అడిగితే అక్కడ ఏమన్నా అనుకుంటారా?

శాన్ ఆంటోనియో రెడ్డి:
ఏమీ అనుకోరు అడగండి. ఇంకో రెండు వెస్ట్‌లు ఎక్కువ తీసుకెళ్ళండి, చేతిలో పెడితే వద్దనరు. బాబాయ్ రక్తం జాడ గురించి చెప్పింది కరెక్టే, అప్పుడు నేనూ వేసుకోను, ఈసారి నుంచి వేసుకుంటా.